వేగమైన ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లు, పల్స్ లేజర్ పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు ల్యాబుల్లో ఏటా ఆగస్టు నాటికి మనవాళ్లు కొత్తగా చేరుతుంటారు. వరంగల్, అనంతపురం, కాకినాడ, తిరుపతి నుంచి వచ్చినవాళ్లు గ్రూప్ మీటింగ్‌లో నోరు విప్పరు. రాత్రి మెస్‌లో పక్కన కూర్చుని "అన్నా, ఒక్క డౌటు" అని మొదలుపెడితే మాత్రం గంటసేపు అడుగుతారు. అలా అడిగినవాటిలో ఎక్కువసార్లు వచ్చేవి ఇక్కడ పెట్టాను. కొన్నిటికి ఒక్క వాక్యం సరిపోతుంది. కొన్నిటికి సరిపోదు, వాటిని కుదించే ప్రయత్నం చేయలేదు.

ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌కి వేగం ఎందుకు? వేడిని చూపించే కెమెరాలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా?

ఉన్నాయి. థర్మల్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తే దాని పని అయిపోయినట్టే. మన పని నానోసెకన్లలో (సెకనులో వంద కోట్లో వంతు), పికోసెకన్లలో (అందులో వెయ్యో వంతు) జరుగుతుంది. ఫైబర్‌లో 1.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి మీద వచ్చే డేటాని అవతలి కొసలో పట్టుకోవడం అలాంటి పనే. లేజర్ పల్సు పంపి దూరం కొలిచే లైడార్ మరో ఉదాహరణ. కాంతి వెళ్లి తిరిగి రావాలి కాబట్టి కాలం కొలతలో 1 నానోసెకను తేడా వస్తే దూరంలో 15 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

దూరం వెళ్లక్కర్లేదు, పీణ్యలో ఉన్న ఇస్రో ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల లియోస్ సంగతి చూడండి. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-1లో లేజర్ రేంజింగ్ పరికరాన్ని తయారుచేసింది వాళ్లే. 1.064 మైక్రాన్ల పల్సుని చంద్రుడి మీదికి పంపి, తిరిగొచ్చిన కాస్త వెలుగుని పట్టుకుని ఎత్తుపల్లాలు కొలిచింది. వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి కాంతి వెళ్లి రావడానికి సుమారు 0.67 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో నానోసెకన్లు లెక్కపెట్టాలి.

ఏ తరంగదైర్ఘ్యానికి ఏ పదార్థం?

1.24ని మైక్రాన్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. పదార్థం బ్యాండ్‌గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్‌ని కదిలేలా పైకి లేపడానికి కావాల్సిన కనీస శక్తి, అంతకంటే తక్కువ ఉండాలి. సిలికాన్‌ది 1.12, కాబట్టి 1.1 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. ఇండియం ఫాస్ఫైడ్ మీద పెంచే ఇండియం గాలియం ఆర్సెనైడ్ 1.7 దాకా వస్తుంది. టెలికాం అంతా దాని మీదే నడుస్తోంది. జెర్మేనియం కూడా దాదాపు అక్కడికే వస్తుంది, కానీ డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా పారే కరెంట్) ఎక్కువ. ఇండియం ఆర్సెనైడ్‌తో 3.5 మైక్రాన్లు, చల్లబరిచిన ఇండియం యాంటిమొనైడ్‌తో 5.5 మైక్రాన్లు అందుతాయి. ఆ పైన 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌ది పైచేయి. దీన్ని 1959లో బ్రిటన్‌లో కనిపెట్టారు. కాడ్మియం పాలు మార్చితే బ్యాండ్‌గ్యాప్ మారుతుంది, అదే దాని బలం. ఎలక్ట్రాన్లని అతి పల్చటి పొరల్లో, బావిలో ఉన్నట్టు బంధించే క్వాంటం వెల్ డిటెక్టర్లు ఇంకో దారి. వాటిలో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ కొన్ని పికోసెకన్లలోనే మళ్లీ బావిలో పడిపోతుంది. సున్నితత్వానికి అది నష్టం, వేగానికి మాత్రం వరం.

చల్లబరచడం తప్పదా?

1.55 మైక్రాన్ల దగ్గర ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు. గది వేడి వల్ల కలిగే శక్తి 0.026. తేడా చాలా ఉంది కాబట్టి చల్లబరచక్కర్లేదు. 10 మైక్రాన్ల దగ్గర ఫోటాన్ శక్తి 0.124కి పడిపోతుంది. ఇక వేడికే ఎలక్ట్రాన్లు పైకి లేస్తుంటాయి, డార్క్ కరెంట్‌లో సిగ్నల్ మునిగిపోతుంది. అందుకే 77 కెల్విన్ల ద్రవ నైట్రోజన్. అదీగాక గది ఉష్ణోగ్రత దగ్గర గోడలు, మనుషులు, బల్లలు అన్నీ 10 మైక్రాన్ల దగ్గరే ఎక్కువగా వెలుగుతుంటాయి. డిటెక్టర్ కళ్లెదుట ఆ వెలుగు ఎప్పుడూ ఉంటుంది. చల్లటి కవచంతో దాని చూపుని ఇరుకు చేయాలి.

డిటెక్టర్ వేగాన్ని ఏది అడ్డుకుంటుంది?

ముఖ్యంగా మూడు. ఒకటి, కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీలు, ప్లస్ ఛార్జ్‌లా నడుస్తాయి) కాంతిని పీల్చుకునే శోషక పొరని దాటే కాలం. రెండు, డిటెక్టర్ కెపాసిటెన్స్, 50 ఓమ్‌ల లోడ్ కలిసి చేసే ఆలస్యం. మూడు, విద్యుత్ క్షేత్రం లేనిచోట పుట్టిన క్యారియర్లు (ఆ ఎలక్ట్రాన్లు, హోల్స్) నింపాదిగా విస్తరిస్తూ రావడం.

మొదటి రెంటినీ లెక్కేసి చూద్దాం. 50 మైక్రాన్ల వ్యాసం, 1 మైక్రాన్ మందం శోషక పొర ఉన్న ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్ తీసుకోండి. కెపాసిటెన్స్ సుమారు 0.24 పికోఫారడ్. 50 ఓమ్‌లతో కలిపితే 13 గిగాహెర్ట్జ్ హద్దు. హోల్స్ వేగం సెకనుకు 50 కిలోమీటర్లు అనుకుంటే ఆ మైక్రాన్ దాటడానికి 20 పికోసెకన్లు, అంటే సుమారు 22 గిగాహెర్ట్జ్ హద్దు. "పొర పల్చన చేస్తే హోల్స్ త్వరగా దాటేస్తాయి కదా" అంటారు. దాటతాయి, కానీ పొర పల్చనైతే కెపాసిటెన్స్ పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికి వ్యాసం తగ్గిస్తే కాంతిని దానిమీద పెట్టడం కష్టమవుతుంది. పైగా 1.55 మైక్రాన్ల కాంతి ఈ పదార్థంలోకి ఒక మైక్రాన్ పైచిలుకు లోతుకి వెళ్తుంది. మైక్రాన్ మందంలో సగమే ఆగుతుంది, పల్చన చేస్తే ఆ సగం కూడా ఆగదు. వేగం కావాలంటే సున్నితత్వంలో కొంత వదులుకోవాల్సిందే. కాంతిని పై నుంచి కాకుండా పొర వెంబడి పక్క నుంచి పంపే వేవ్‌గైడ్ డయోడ్లు పుట్టింది ఈ ఇరుకులోంచి బయటపడటానికే.

ఇక మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. పల్స్ ముందంచు చురుగ్గానే లేస్తుంది, వెనకాల మాత్రం నానోసెకన్లపాటు తోక సాగుతుంది. డేటాషీట్‌లో రైజ్ టైమ్ (పల్సు పైకి లేవడానికి పట్టే కాలం) మాత్రమే వేస్తే ఈ తోక ఎవరికీ కనిపించదు.

పల్స్ లేజర్ ఎందుకు? మామూలు లేజర్‌ని ఆన్, ఆఫ్ చేస్తే చాలదా?

లేజర్ డయోడ్ కరెంట్‌ని మీరు ఎంత వేగంగా ఆపగలరో అంతవరకే చాలుతుంది. గుళ్లో గంటని ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తే ఆ తర్వాత వినిపించేదంతా గంట స్వభావమే. చెయ్యి ఆనించి ఉంచితే గంట ఏం చెబుతోందో తెలీదు. డిటెక్టర్ 20 పికోసెకన్లదైతే దాన్ని తాకే వెలుగు అంతకంటే చాలా పొట్టిగా ఉండాలి. మోడ్‌లాక్ చేసిన, అంటే వెలుగుని పొట్టి పల్సులుగా వదిలేలా కుదిర్చిన, ఎర్బియం ఫైబర్ లేజర్ 1.55 మైక్రాన్ల దగ్గర 100 ఫెంటోసెకన్ల (0.1 పికోసెకను) పల్సులు ఇస్తుంది. 20 పికోసెకన్ల డిటెక్టర్ ముందు అది క్షణికమైన దెబ్బే.

ఒక జాగ్రత్త. ఆ పల్సుని మామూలు ఫైబర్‌లో 10 మీటర్లు నడిపిస్తే అందులోని రంగులు వేర్వేరు వేగాలతో వెళ్లి పల్సు దాదాపు 6 పికోసెకన్లకి సాగుతుంది. 20 పికోసెకన్ల డిటెక్టర్‌కి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. 5 పికోసెకన్ల డిటెక్టర్‌ని అలా పరీక్షిస్తే మీరు కొలుస్తున్నది ఫైబర్‌ని.

మా దగ్గర 800 నానోమీటర్ల టైటానియం సఫైర్ లేజర్ ఉంది. దాంతోనే 1.55 మైక్రాన్ల డిటెక్టర్‌ని పరీక్షించొచ్చా?

సిగ్నల్ వస్తుంది, కానీ దాన్ని నమ్మలేం. డయోడ్ పైన ఉండే ఇండియం ఫాస్ఫైడ్ పొర 0.92 మైక్రాన్ల కంటే పొడవైన కాంతికి పారదర్శకం. 800 నానోమీటర్ల కాంతి ఆ పొరలోనే ఆగిపోయి, క్షేత్రం లేనిచోట క్యారియర్లని పుట్టిస్తుంది. అవి మెల్లగా కిందికి దిగుతాయి. లేని తోక ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ కాంతికి వాడతారో ఆ కాంతితోనే పరీక్షించాలి. మధ్య ఇన్‌ఫ్రారెడ్‌లో అది ఖర్చుతో కూడిన పని. ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్ గానీ, రెండు లేజర్ల తేడా పౌనఃపున్యం తీసే ఏర్పాటు గానీ కావాలి. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన క్వాంటం క్యాస్కేడ్ లేజర్‌కి కరెంట్ పల్సులు ఇస్తే నానోసెకన్ల స్థాయి పరీక్షలకి పనికొస్తుంది.

ఎంత పవర్ వేయాలి? ఎక్కువ వేస్తే సిగ్నల్ బాగా కనిపిస్తోంది.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. పవర్ మీటర్ మీద 1 మిల్లీవాట్ కనిపిస్తుంది. లేజర్ పాయింటర్ కంటే తక్కువే కదా అనిపిస్తుంది. ఆ పవర్ సెకనుకు 8 కోట్ల పల్సుల మధ్య పంచబడి వస్తోంది. ఒక్కో పల్సులో 12.5 పికోజౌల్స్. దాన్ని 100 ఫెంటోసెకన్లతో భాగించండి, గరిష్ఠ పవర్ 125 వాట్లు.

ఇప్పుడు పైన చెప్పిన 50 మైక్రాన్ల డయోడ్‌నే తీసుకోండి. ఒక్కో పల్సులో సుమారు పది కోట్ల ఫోటాన్లు. సగం శోషించుకున్నా 7.8 పికోకూలంబ్‌ల ఛార్జ్ ఒక్కసారిగా పుడుతుంది. 5 వోల్టుల బయాస్‌తో (డయోడ్‌కి బయటి నుంచి ఇచ్చే వోల్టేజ్) ఆ 0.24 పికోఫారడ్‌లో నిలవ ఉన్న ఛార్జ్ ఎంత? 1.2 పికోకూలంబ్‌లు. అంటే పల్స్ తగిలిన క్షణంలో డయోడ్ లోపలి క్షేత్రం కుప్పకూలిపోతుంది. క్యారియర్లని లాగేవాళ్లు ఉండరు. తెర మీద ఎత్తైన పల్స్ కనిపిస్తుంది నిజమే, కానీ అది వెడల్పుగా, పొడవాటి తోకతో వస్తుంది. కుర్రాళ్లు దాన్ని చూసి డిటెక్టరే నెమ్మదిదని వేఫర్ (డిటెక్టర్లు చేసిన సెమీకండక్టర్ పలక) పక్కన పెట్టేస్తారు. మంచి వేఫర్లు ఇలా పాడు పేరు తెచ్చుకోవడం చూస్తే బాధేస్తుంది.

10 మైక్రోవాట్లకి తగ్గించండి. ఛార్జ్ 0.078 పికోకూలంబ్‌లకి దిగుతుంది. బయాస్‌లో తగ్గేది 0.3 వోల్టులే. 50 ఓమ్‌ల మీద పల్స్ ఇంకా నూరు మిల్లీవోల్టుల పైనే ఉంటుంది, అంటే ఏ మంచి స్కోప్‌కైనా (ఆసిలోస్కోప్, పల్సు ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) చాలినంత. తర్వాత పవర్‌ని సగం చేసి చూడండి, ఇంకా సగం చేసి చూడండి. మూడు పల్సుల్నీ ఒకే ఎత్తుకి సాగదీసి ఒకదానిమీద ఒకటి పెడితే అవి కలిసిపోవాలి. కలిసిన చోటే మీ కొలత మొదలవుతుంది.

ఛార్జ్ లెక్కతో మరో తనిఖీ కూడా ఉంది. బయాస్ సప్లైలోంచి వెళ్లే సగటు కరెంట్‌లోంచి డార్క్ కరెంట్ తీసేసి, పల్సుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పల్సు ఛార్జ్ వస్తుంది. స్కోప్ మీద పల్సు కింది వైశాల్యాన్ని 50తో భాగించినా అదే రావాలి. రెండో అంకె తక్కువొస్తే ఛార్జ్‌లో కొంత స్కోప్‌కి చేరకుండా ఎక్కడో పోతోంది, లేదా కనిపించనంత పొడవాటి తోకలో దాగుంది.

సిలికాన్ డయోడ్ మీద 1.55 మైక్రాన్ల పల్సు వేస్తే సిగ్నల్ వచ్చింది! కొత్త విషయమా?

తొందరపడకండి. రెండు ఫోటాన్లు కలిసి ఒక ఎలక్ట్రాన్‌ని లేపుతున్నాయి. 0.8, 0.8 కలిపితే 1.6, అది 1.12ని దాటుతుంది. పవర్ రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగింతలవుతుందేమో చూడండి. అయితే అనుమానం తీరినట్టే. ఈ గుణాన్నే పల్సు వెడల్పు కొలవడానికి వాడుకుంటారు కూడా.

స్కోప్ మీద రైజ్ టైమ్ 30 పికోసెకన్లు వచ్చింది. డిటెక్టర్ వేగం 30 అని రాసేయొచ్చా?

రాయకూడదు. ఆ 30లో స్కోప్ వాటా, కేబుల్ వాటా, లేజర్ వాటా ఉన్నాయి. పరికరం అందుకోగల పౌనఃపున్యాల హద్దుతో, అంటే బ్యాండ్‌విడ్త్‌తో, 0.35ని భాగిస్తే రైజ్ టైమ్ వస్తుందన్నది వాడుక సూత్రం. 20 గిగాహెర్ట్జ్ స్కోప్‌కి అది 17.5 పికోసెకన్లు. వాటాలు వర్గాలుగా కలుస్తాయి. 30 వర్గంలోంచి 17.5 వర్గం తీసేసి వర్గమూలం కడితే సుమారు 24.4. డిటెక్టర్‌ది అది.

ఈ తీసివేత పరిమితి కూడా తెలియాలి. అదే స్కోప్‌తో 18 పికోసెకన్లు వస్తే డిటెక్టర్‌ది 4.2 అని లెక్క చెబుతుంది. చదవడంలో 1 పికోసెకను అటు అయితే 7.4, అర పికోసెకను ఇటు అయితే సున్నా. అలాంటి 4.2ని ఎవరూ వేగంగా ప్రకటించకూడదు, "స్కోప్ హద్దు కంటే వేగం" అనడం నిజాయితీ. పైగా ఈ వర్గాల సూత్రం గంట ఆకారపు స్పందనలకి చెల్లుతుంది. తోక ఉన్న పల్సుకి, చదునైన స్పందన ఉండే కొత్త డిజిటల్ స్కోప్‌లకి 0.35 అనే గుణకమే మారిపోతుంది. అందుకే నేను ఏ పేపర్లోనైనా ముందు పల్సు బొమ్మ వెతుకుతాను. ఏ స్కోప్, ఏ కేబుల్, ఒక్కో పల్సుకి ఎంత ఛార్జ్ అన్నవి పక్కన లేకపోతే ఆ అంకెతో నాకు పని లేదు.

అంత ఖరీదైన స్కోప్ మా కాలేజీలో లేదు. వేరే దారి ఉందా?

ఉన్నాయి, వాటిలో కొన్ని స్కోప్ కంటే మేలైనవి.

స్పెక్ట్రమ్ అనలైజర్ ఉంటే చాలు. సెకనుకు 8 కోట్ల పల్సుల రైలు డిటెక్టర్ మీద పడితే 80, 160, 240 మెగాహెర్ట్జ్ ఇలా గీతలు వరుసగా వస్తాయి. లేజర్ పల్సు చాలా పొట్టిది కాబట్టి డిటెక్టర్ పరిపూర్ణమైతే గీతలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఎక్కడ 3 డెసిబెల్ తగ్గితే అదే బ్యాండ్‌విడ్త్. కేబుల్ నష్టాన్ని విడిగా కొలిచి కలపడం మర్చిపోవద్దు.

రెండు 1.55 మైక్రాన్ల లేజర్లని కలిపి వాటి పౌనఃపున్యాల తేడాని డిటెక్టర్‌తో వినడం ఇంకో పద్ధతి. అక్కడ 0.08 నానోమీటర్ల తేడా అంటే 10 గిగాహెర్ట్జ్. ఒక లేజర్ ఉష్ణోగ్రతని మెల్లగా మార్చుకుంటూ పోతే మొత్తం స్పందన గీసుకోవచ్చు. పల్సు అవసరమే లేదు.

స్కోప్‌లన్నీ ఓడిపోయేంత వేగమైన డిటెక్టర్‌కి ఒక పల్సుని రెండుగా చీల్చి, ఒకదాన్ని ఆలస్యంగా పంపాలి. అద్దాల బండిని 150 మైక్రాన్లు జరిపితే రానూ పోనూ 1 పికోసెకను ఆలస్యం. మొదటి పల్సు ప్రభావం మిగిలి ఉండగా రెండోది వస్తే సగటు కరెంట్ మారుతుంది, ఆ మార్పే స్పందన ఆకారం చెబుతుంది. కావాల్సింది మామూలు మీటర్, కదలని బల్ల, ఓపిక. అయితే ఇది డిటెక్టర్ స్పందన సరళరేఖ తప్పినచోటే పనిచేస్తుంది.

పల్సు తర్వాత అలలు కనిపిస్తున్నాయి. డిటెక్టర్ దోషమా?

చాలావరకు తీగ దోషం. డయోడ్‌ని బయటి సర్క్యూట్‌కి కలిపే 1 మిల్లీమీటర్ బాండ్ వైర్‌కి సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. అది మన 0.24 పికోఫారడ్‌తో కలిస్తే 10 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే ప్రతి 100 పికోసెకన్లకి ఒక అల చొప్పున మోగుతుంది. తీగని పొట్టి చేయండి, రెండు తీగలు పక్కపక్కన వేయండి, లేదా బాండింగ్ మానేసి వేఫర్ మీదే ప్రోబులు ఆనించండి.

అలలు కాకుండా పల్సుకి నకలు కొంత దూరంలో కనిపిస్తే అది ప్రతిఫలనం. కేబుల్‌లో సిగ్నల్ నానోసెకనుకి సుమారు 20 సెంటీమీటర్లు నడుస్తుంది. నకలు 1 నానోసెకను తర్వాత వస్తే తప్పు 10 సెంటీమీటర్ల దూరంలోని అతుకులో ఉంది. టేపు పెట్టి కొలిచి ఆ కనెక్టర్‌ని పట్టుకోవచ్చు.

కనెక్టర్లు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో కొనొచ్చా?

పవర్ సప్లై తీగలు, స్విచ్‌లు, డబ్బాలు నిరభ్యంతరంగా కొనండి. మామూలు ఎస్ఎంఏ కనెక్టర్ 18 గిగాహెర్ట్జ్ దాకా లెక్కకి వస్తుంది. ఆ పైన 40 గిగాహెర్ట్జ్‌కి 2.92 మిల్లీమీటర్లవి, 67కి 1.85 మిల్లీమీటర్లవి కావాలి. ఇవి పేరున్న చోట కొనాలి, టార్క్ స్పానర్‌తోనే బిగించాలి. ఎస్ఎంఏ, 2.92 ఒకదానిలో ఒకటి పడతాయి. అరిగిపోయిన చౌక ఎస్ఎంఏని ఖరీదైన స్కోప్ మూతికి పెట్టి తిప్పితే లోపలి పిన్ను దెబ్బతింటుంది.

మధ్య ఇన్‌ఫ్రారెడ్ కాంతి కంటికి కనిపించదు. డిటెక్టర్ మీదికి ఎలా తేవాలి?

ఎర్ర హీలియం నియాన్ కిరణాన్ని అదే దారిలో కలిపి ముందు దాంతో సర్దండి. జింక్ సెలెనైడ్ లెన్స్ ఎరుపునీ, 10 మైక్రాన్లనీ రెంటినీ పంపుతుంది, కానీ రెండూ ఒకే చోట ఫోకస్ కావు. బంగారు పూత పారాబోలిక్ అద్దంతో ఆ బాధ లేదు. జెర్మేనియం లెన్స్ ఎరుపుని అసలు పంపదు. మామూలు గాజు 3 మైక్రాన్ల దగ్గరే మూసుకుపోతుంది. గాజు లెన్స్ పెట్టి సిగ్నల్ రాలేదని లేజర్‌ని అనుమానించకండి.

గాలి కూడా తింటుంది. 4.26 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్, 2.7, 6.3 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి. జూలైలో వానలప్పుడు తీసిన కొలత మార్చి కొలతతో సరిపోకపోతే ముందు తేమ చూడండి. కిరణం దారిని డబ్బాతో మూసి పొడి నైట్రోజన్ వదిలితే తేడా తేలిపోతుంది.

1.55 మైక్రాన్లు కంటికి ప్రమాదం లేదంటారు. గాగుల్స్ లేకుండా పనిచేయొచ్చా?

వద్దు. 1.4 మైక్రాన్లు దాటిన కాంతి రెటీనా దాకా వెళ్లకుండా కంటి ముందుభాగంలోనే ఆగుతుంది, అంతవరకు నిజం. పవర్ ఎక్కువైతే ఆ ముందుభాగమే కాలుతుంది. 1.03, 1.064 మైక్రాన్ల లేజర్లు ఇంకా ప్రమాదం, అవి నేరుగా రెటీనా మీద ఫోకస్ అవుతాయి. కనిపించదు కాబట్టి రెప్ప కూడా మూసుకోదు. సగటు అర వాటు దాటితే క్లాస్ 4 (లేజర్లలో అత్యంత ప్రమాదకర తరగతి). ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి లోపలికి రండి. కింద పడ్డ స్క్రూ కోసం వంగేటప్పుడు కళ్లు కిరణం ఎత్తుకి వస్తాయి, ముందు షట్టర్ మూయండి. గాగుల్స్ మీద రాసిన తరంగదైర్ఘ్యం మీ లేజర్‌దేనా అని ప్రతిసారీ చదవండి. ఈ విషయంలో సీనియర్ తొందరపెట్టినా ఆగండి.

మా ఊరి కాలేజీలో క్లీన్‌రూమ్ లేదు. డిటెక్టర్ తయారు చేయాలంటే?

బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) నానో సైన్స్ కేంద్రంలో జాతీయ నానో ఫ్యాబ్రికేషన్ కేంద్రం ఉంది. బయటి విద్యాసంస్థలవాళ్లు వచ్చి వాడుకునేలా కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సాయంతో ఇనప్ కార్యక్రమం నడుస్తోంది. మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులు దీన్ని వాడుకోవాల్సినంతగా వాడుకోవడం లేదని నా అభిప్రాయం. ప్రతిపాదనలో మాస్క్ డిజైన్, ఒక్కో దశ క్రమం, చివర్లో ఎలా పరీక్షిస్తారన్నది స్పష్టంగా ఉండాలి.

నాది ఈసీఈ, క్వాంటం మెకానిక్స్ రాదు. చేరొచ్చా?

చేరండి. ఈ పనిలో సగం మైక్రోవేవ్ ఇంజినీరింగే. మైక్రోవేవ్ సర్క్యూట్ల లెక్కలకి వాడే స్మిత్ చార్ట్ తెలిసినవాళ్లకి ఫిజిక్స్ విద్యార్థులు కాఫీ ఇప్పించి మరీ నేర్చుకుంటారు.

డిటెక్టర్లు ఊరికే చచ్చిపోతున్నాయి. ఎందుకు?

ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో బెంగళూరు గాలి బాగా పొడిగా ఉంటుంది. నైలాన్ దుస్తుల్లో కుర్చీలోంచి లేచి చెయ్యి పెడితే ఒంట్లోని స్థిరవిద్యుత్ డయోడ్‌లోకి దూకుతుంది. డయోడ్ ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా పోతుంది. మణికట్టుకి ఎర్త్ పట్టీ కట్టుకోండి. కేబుల్ తగిలించే ముందు దాని మధ్య పిన్నుని ఒకసారి ఎర్త్‌కి తాకించండి, ఎందుకంటే కేబుల్ కూడా ఛార్జ్ దాచుకుంటుంది. బయాస్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించండి. ప్రతి పరీక్షకి ముందూ తర్వాతా డార్క్ కరెంట్ రాసిపెట్టుకోండి. అది ఒక్కసారిగా పెరిగిన రోజున ఏం జరిగిందో ల్యాబ్ నోట్‌బుక్కే చెబుతుంది.